ఊ కొట్టేవాళ్లుంటేనే కథ

ఈ నెల ఉత్తరాల్లో, వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నలు చాలావరకు కథల గురించే. రాసేవాళ్లవి కొన్ని, పిల్లలకి చెప్పేవాళ్లవి కొన్ని, ఒకే కథ వినీ వినీ అలిసిపోయినవాళ్లవి కొన్ని. అన్నీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి కాబట్టి జవాబుల్లో కూడా మన ఊళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పెద్ద ఉత్తరాలను కాస్త కుదించాను, విషయం మార్చలేదు.

మాస్టారూ, మా బాబుకి ఐదేళ్లు. రోజూ రాత్రి ఏడు చేపల కథే చెప్పమంటాడు. వేరే కథ ఎత్తుకుంటే ఏడుపు. నిద్రొచ్చి ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే టక్కున పట్టేస్తాడు. అంతా తెలిసిన కథ మళ్లీ మళ్లీ వినడంలో వాడికి ఏముంది? ఇలా ఒకే కథ చెప్పడం మంచిదేనా?
ఒక తల్లి, బొబ్బిలి

మంచిదే అమ్మా, టెన్షన్ ఏమీ పెట్టుకోకండి. పైగా మీవాడు పట్టుకున్నది మామూలు కథ కాదు. కథలు రాయాలని నా దగ్గరికి వచ్చేవాళ్లకి కూడా నేను ముందు అదే చెప్పి చూడమంటాను. తీరిగ్గా ఒకసారి చూడండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లారు, ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, అందులో ఒకటి ఎండలేదు. అంతే, రాజు పోయాడు, కొడుకులూ పోయారు, మళ్లీ వాళ్ల ఊసే రాదు. ఎండని ఆ ఒక్క చేపే మిగిలింది. చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది, గడ్డిమోపుని అడిగితే ఆవు మేయలేదంటుంది, ఆవుని అడిగితే కాపరి మేపలేదంటుంది, కాపరి అవ్వ అన్నం పెట్టలేదంటాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంటుంది, పిల్లాడు చీమ కుట్టిందంటాడు, చీమని అడిగితే నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెబుతారు గానీ గొలుసు మాత్రం ఇదే.

ఇందులో ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నని పుట్టిస్తుంది. తప్పు ఎవరి దగ్గరా నిలబడదు, పక్కవాళ్ల మీదికి జారిపోతూ ఉంటుంది. చీమ దగ్గరే ఎందుకు ఆగిందంటే అది ఇంకొకరి పేరు చెప్పదు, తన కారణం తను చెబుతుంది. అందుకే అక్కడ కథ అయిపోయిందని ఎవరూ చెప్పక్కర్లేకుండానే పిల్లలకి తెలిసిపోతుంది. ఐదేళ్లవాడికి రోజంతా జరిగేవాటిలో చాలావాటికి కారణం తెలియదు, నాన్న ఎందుకు విసుక్కున్నాడో తెలియదు, బడికి ఎందుకు వెళ్లాలో తెలియదు, పక్కింటి పిల్ల ఎందుకు ఆటకి రాలేదో తెలియదు. అలాంటివాడికి రాత్రిపూట ఎందుకు అని అడిగినప్పుడల్లా జవాబు చెప్పే కథ ఒకటి దొరికితే ఎందుకు వదులుతాడు?

తెలిసిన కథ అంటారా, పెద్దవాళ్లం మనం మాత్రం ఏం చేస్తున్నాం? బొబ్బిలి కథలో చివరికి తాండ్ర పాపారాయుడు ఏం చేస్తాడో మీ ఊళ్లో తెలియనివాళ్లు ఎవరు? అయినా బుర్రకథ పెడితే తెల్లవార్లూ కూర్చున్న తరాలు ఉన్నాయి. తెలియని సంగతి తెలుసుకోవడానికి కాదు వాళ్లు కూర్చున్నది, తెలిసిన చోటికి కథకుడు ఈసారి ఎలా తీసుకెళ్తాడో చూడడానికి.

మీరు చేయాల్సింది ఒక్కటే. కథ మార్చకండి, ముక్కలు వదలకండి, కానీ ప్రతి జవాబుకీ ముందు ఆగండి. వాడిని చెప్పనివ్వండి. కొన్నాళ్లకి వాడినే మొదటినుంచి చెప్పమని మీరు పక్కన పడుకుని ఊ కొట్టండి. ఊ కొట్టడం అంటే నిద్రలో మూలగడం కాదమ్మా, నిజంగా వింటున్నట్టు కొట్టాలి, పిల్లలకి తేడా వెంటనే తెలిసిపోతుంది. వాడు అలా చెప్పగలిగాక ఒకరోజు ఆ పుట్ట బంగారుది ఎలా అయిందిరా అని అడిగి చూడండి. ఆ రోజు నుంచి కొత్త కథ వాడే మొదలుపెడతాడు.

నేను విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను సార్. ఆవుని అమ్మి కొడుకుని హైదరాబాద్ పంపిన తండ్రి మీద కథ రాశాను. చివర్లో కొడుకు తండ్రి ఫోన్ ఎత్తడు. ఫ్రెండ్స్ అందరూ 'బాగుంది కానీ ఏదో మిస్సయింది' అంటున్నారు, ఏది మిస్సయిందో ఎవరూ చెప్పరు. కథ కూడా పంపుతున్నాను, చదివి చెప్పగలరు.
ఒక విద్యార్థి, విజయనగరం

చదివాను బాబూ, రెండుసార్లు చదివాను. మీకు చెప్పాలన్న తపన ఉంది, అది మొదటి పేజీ నుంచే తెలుస్తోంది. అందుకే సూటిగా చెబుతాను.

మొదటి పేజీ అంతా ఊరి వర్ణన. పచ్చని పొలాలు, కొబ్బరి చెట్లు, పొద్దున్నే కోడి కూత. ఆ ఊరు టెక్కలి పక్కన అయినా కావచ్చు, తెనాలి పక్కన అయినా కావచ్చు. తండ్రి ఎంత మంచివాడో రెండు పేరాలు రాశారు. ఆవుని అమ్మింది మాత్రం ఒకే ఒక వాక్యంలో తేల్చేశారు, 'బరువెక్కిన గుండెతో ఆవును అమ్మేశాడు' అని. మీ కథంతా ఆ వాక్యం లోపల ఉండిపోయింది, తలుపు తీసి మమ్మల్ని లోపలికి రానివ్వలేదు మీరు.

మానాపురం పశువుల సంతకి ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోతే ఒకసారి వెళ్లండి, లేదా వెళ్లినవాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఆవుని ఊళ్లోంచి ఎన్నింటికి బయల్దేరదీశాడు, నడిపించుకుంటూ వెళ్లాడా ఆటోలో ఎక్కించాడా, దళారి తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మాట్లాడుతుంటే ఈయన చూపు ఎక్కడుంది, కొన్నవాడు తాడు చేతిలోకి తీసుకున్నాక ఈయన ఆ ఖాళీ చేతుల్ని ఏం చేసుకున్నాడు, ఇంటికొచ్చాక కుడితి తొట్టి దగ్గర భార్యతో ఏమన్నాడు. ఇవి రాస్తే గుండె బరువెక్కిందని మీరు రాయక్కర్లేదు, చదివేవాళ్లకే బరువెక్కుతుంది. మంచివాడని కూడా చెప్పక్కర్లేదు.

ఇక కథ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది. మీ ఊళ్లోనే దానికి పెద్ద పాఠం ఉంది. 1910లో గురజాడ అప్పారావు గారి దిద్దుబాటు ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. అది 'తలుపు! తలుపు!' అన్న పిలుపుతో మొదలవుతుంది. రాత్రి ఒంటిగంట. ఒకాయన ఇంటికొచ్చి తలుపు కొడుతున్నాడు, లోపల్నుంచి ఎవరూ పలకరు. ఆయన ఎవరో, ఏం చదువుకున్నాడో, అంత రాత్రివేళ ఎక్కడినుంచి వస్తున్నాడో ముందుగా ఏదీ చెప్పరు. ఆయనతో పాటు మనమూ చీకట్లో నిలబడి భార్య ఏమైందో అని కంగారు పడతాం. ముగింపు కూడా చూడండి, మంచం కింద నుంచి భార్య నవ్వు, గాజుల చప్పుడు వినిపించడంతో ఆగిపోతుంది. ఆ తర్వాత భర్త మారాడా, ఎంత మారాడు, మగవాళ్లు ఎలా ఉండాలి అని ఒక్క ముక్క లేదు. వందేళ్లు దాటినా ఆ మొదలూ ఆ చివరా ఇంకా కొత్తగానే ఉన్నాయి నాకు.

మీ ముగింపులో కొడుకు ఫోన్ ఎత్తలేదు. అక్కడ ఆగాల్సింది. మీరు ఆగకుండా ఈ కాలం పిల్లలు కన్నవాళ్లని ఎలా మర్చిపోతున్నారో ఒక పేరా రాశారు. అది కొట్టేయండి. దాని కంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది, అసలు మిస్సయింది అదే అనుకుంటాను: కొడుకు. వాడి గురించి మీకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలని అనుకున్నట్టు కూడా లేదు. నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడా? ఉద్యోగం పోయిన సంగతి చెప్పలేక ఎత్తలేదా? ఫోన్ మోగుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడా? తండ్రిని ఎంత ప్రేమగా రాశారో వాడినీ అంతే ప్రేమగా రాయాలి. ఏడు చేపల కథలో చీమకి కూడా ఒక కారణం ఇచ్చారు మన పెద్దవాళ్లు, మీ కొడుకు పాత్రకి ఒక్క కారణం కూడా ఇవ్వకపోతే ఎలా?

అన్నీ చెప్పేయకండి. చదివేవాళ్లు కూడా లోపల్లోపల ఊ కొడుతూనే ఉంటారు, మనకి వినపడదంతే. వాళ్లు ఊహించుకోవడానికి చోటు మిగల్చకపోతే ఊ కొట్టడం మానేస్తారు. మళ్లీ రాశాక ఫ్రెండ్స్‌కి ఫైల్ పంపకండి, ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదవండి. ఎక్కడ వాళ్ల చూపు ఫోన్ మీదికి వెళ్లిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మీరు అడుగుతున్న జవాబు ఆ గీతల దగ్గరే దొరుకుతుంది.

కథకి ఎన్ని పేజీలు ఉండాలి?
ఒక పాఠకురాలు, చీపురుపల్లి

పత్రికకి పంపేటప్పుడు వాళ్లు అడిగినన్ని. మీ కోసం రాసుకునేటప్పుడు, తీసేయడానికి ఇంక ఏ వాక్యమూ దొరకనన్ని.

హైస్కూల్లో సోషల్ చెబుతాను. బొబ్బిలి యుద్ధం పాఠాన్ని కథలా చెబితే పిల్లలు పీరియడ్ అంతా కదలకుండా విన్నారు. పరీక్షలో మాత్రం సంవత్సరం తప్పు రాశారు, కొందరు బుర్రకథల్లో వచ్చే మాటలే చరిత్ర అని రాసేశారు. తోటి ఉపాధ్యాయులు ఇదంతా టైమ్ పాస్ అంటున్నారు. కథలతో పాఠం చెప్పడం తప్పంటారా?
ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

తప్పు కాదు మాస్టారూ, ఆపకండి. కథ ఏది గుర్తుంచుతుంది, ఏది మర్చిపోనిస్తుంది అన్నది తెలిస్తే మీ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది.

1969లో అమెరికాలో గోర్డన్ బోవర్, మైకల్ క్లార్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకదానికొకటి సంబంధం లేని పది మాటల జాబితాలు పన్నెండు ఇచ్చారు. కొందరిని ఆ మాటలు వచ్చేలా చిన్న చిన్న కథలు అల్లుకోమన్నారు, మిగతావాళ్లని ఊరికే గుర్తుపెట్టుకోమన్నారు. చివర్లో అన్ని జాబితాలూ కలిపి అడిగితే కథలు అల్లుకున్నవాళ్లు 93 శాతం మాటలు చెప్పారు, రెండో గుంపు 13 శాతం దగ్గరే ఆగిపోయింది. మీ తోటి మాస్టార్లకి ఈ సంగతి చెప్పండి.

ఇక రెండో వైపు. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే ఆయన అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకదాన్ని కేంబ్రిడ్జి విద్యార్థుల చేత చదివించి, తర్వాత ఎప్పుడెప్పుడో గుర్తున్నంత మేరకు మళ్లీ రాయించాడు. 1932లో ఆ ఫలితాలు అచ్చేశాడు. వాళ్లకి అలవాటు లేని సంగతులు జారిపోయాయి, సీల్ జంతువుల వేట కాస్తా చేపల వేట అయింది, చెట్టు బోదెతో చేసిన పడవ మామూలు పడవ అయింది. కావాలని ఎవరూ మార్చలేదు. మనసు కథని తన ఇంటి సామానుతో సర్దుకుంటుంది. మీ పిల్లలు చేసిందీ అదే. కథలో పని ఉన్నది మిగిలింది, పని లేని సంవత్సరం రాలిపోయింది.

కాబట్టి తేదీకి కథలో ఒక పని అప్పగించండి. 1757 జనవరి 24. సంక్రాంతి వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. కోట బయట బుస్సీ ఫ్రెంచి సైన్యం, దాని పక్కన విజయనగరం రాజు విజయరామరాజు, లోపల బొబ్బిలి రాజు రంగారావు. అదే సంవత్సరం జూన్ 23న అక్కడ బెంగాల్లో ప్లాసీ యుద్ధం. ఇక్కడ ఫ్రెంచివాళ్లు గెలిచారు, అక్కడ ఐదు నెలలు తిరక్కుండానే ఇంగ్లీషువాళ్లు గెలిచారు, మరి ఈ ఇద్దరిలో చివరికి దేశం ఎవరి చేతికి వెళ్లిందిరా అని అడగండి. ఇక 1757 వాళ్ల తలలోంచి పోదు.

పాటలో ఉన్నది చరిత్ర అని రాశారన్న బాధ నాకు అర్థమైంది, కానీ అది మంచి అవకాశం కూడా. కథ చెప్పిన మర్నాడు బోర్డు మధ్యలో గీత గీసి ఒకవైపు పాటలో విన్నవి, ఇంకోవైపు రాతల్లో దొరికేవి పిల్లల చేతే రాయించండి. దాదాపు ఆ రోజుల్లోనే బ్రతికిన రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు కూడా ఈ యుద్ధం గురించి రాశాడు, ఆయన దూరం నుంచి చూసినవాడు. బుర్రకథ చెప్పే జంగాలు పాడింది బొబ్బిలి వైపు నుంచి. బొబ్బిలి పిల్లాడికీ విజయనగరం పిల్లాడికీ ఇంట్లో చెప్పిన కథ ఒకటి కాదు. మీ క్లాసులో రెండు వైపుల బంధువులున్న పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రమ్మనండి. ఒకే యుద్ధాన్ని ఇద్దరు రెండు రకాలుగా ఎందుకు చెబుతారన్న ప్రశ్న పదమూడేళ్లకే పడితే ఆ పిల్లలు పెద్దయ్యాక ఏ వార్తనీ గుడ్డిగా నమ్మరు.

కథలన్నీ కల్పితాలే కదా. చిన్నపిల్లలంటే సరే, అరవై దాటిన మాలాంటివాళ్లకి వాటితో పనేంటి? నిజాలు చదువుకుంటే సరిపోదా?
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

సరిపోదండీ, ఎందుకంటే నిజాలు మన తలలోకి విడివిడిగా రావు. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న బొమ్మల సినిమా ఒకటి తీసి కాలేజీ అమ్మాయిలకి చూపించారు. రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం, ఒక డబ్బా, అంతే, అవి అటూ ఇటూ కదులుతుంటాయి. ఏం చూశారో రాయమంటే 34 మందిలో ఒక్కరే త్రిభుజం ఇటు జరిగింది, వృత్తం అటు జరిగింది అని రాశారు. మిగతావాళ్లందరికీ అక్కడ ప్రాణాలు కనిపించాయి. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తోందనీ, వృత్తం భయపడి దాక్కుందనీ రాసినవాళ్లు ఎందరో.

మనుషులం అలా తయారయ్యాం. వీధి చివర ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటుంటే మేడ మీంచి చూసి ఒక కథ అల్లేసుకుంటాం, కోడలు రెండు రోజులు ముభావంగా ఉంటే ఒక కథ అల్లేసుకుంటాం. కథలు ఎలాగూ తప్పవు. మంచి కథ చదివే అలవాటున్నవాళ్లు తాము అల్లుకున్నదాన్ని కూడా ఒకసారి అనుమానంగా చూసుకుంటారు, ఆ కోడలి వైపు నుంచి ఏమై ఉంటుందా అని ఆగుతారు. నాకు కథలతో ఉన్న పెద్ద పని అదే. మీరు కథారచయిత చాసో (చాగంటి సోమయాజులు) గారి ఊళ్లో ఉన్నారు. లైబ్రరీకి వెళ్లి ఆయన కథ ఏదైనా ఒకటి చదివి, నచ్చకపోతే నాకు మళ్లీ రాయండి, వాదించుకుందాం.

మా తాతగారు జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవారు. ఇప్పుడు పండగలకి కూడా పిలిచేవాళ్లు లేరు. కనీసం దాచుకుందామని ఫోన్ ఎదురుగా పెట్టి చెప్పమంటే పావుగంటలో ముగించేస్తున్నారు. ఒకప్పుడు రాత్రంతా చెప్పిన కథే. వయసు వల్ల మర్చిపోయారంటారా?
ఒక మనవడు, నరసన్నపేట దగ్గర పల్లె

ఆయన మర్చిపోయారని తేల్చేసే ముందు ఒకటి ఆలోచించండి నాయనా. ఆ కథని ఆయన ఎప్పుడైనా ఒక్కరే కూర్చుని చెప్పారా? పక్కన వంతలు ఉండేవాళ్లు, వాళ్లు అందుకునేవాళ్లు, మధ్యలో హాస్యం వేసేవాళ్లు, కథ ఎక్కడైనా సాగితే కదిలించేవాళ్లు. ఎదురుగా చాపల మీద జనం. ఎవరో ముసలమ్మ కళ్లు తుడుచుకుంటే అక్కడ ఇంకో నాలుగు చరణాలు సాగేవి, పిల్లలు నిద్రపోతున్నారనిపిస్తే జముకు జోరందుకునేది. ఇప్పుడు మీరు ఆయన ముందు పెట్టింది ఫోను. అది ఊ కొట్టదు. పావుగంట చెప్పడమే ఎక్కువ.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 1930లలో మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే అమెరికా పండితులు యుగోస్లావియా పల్లెల్లో తిరిగి వీరగాథలు పాడేవాళ్లని రికార్డు చేశారు. వాళ్లు తెలుసుకున్న ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ గాయకులు పాటని మాట మాటా బట్టీ పట్టి అప్పజెప్పరు. కథ నడక, కొన్ని కట్టుడు మాటలు, కొన్ని వర్ణనలు వాళ్ల దగ్గర ఉంటాయి, వాటితో ఎదుటివాళ్లని బట్టి అప్పటికప్పుడు కట్టుకుంటూ పోతారు, పెంచుతారు, తగ్గిస్తారు. అవ్దో మెజెదోవిచ్ అనే గాయకుడు 1935లో తనకి కావలసినంత తీరిక ఇస్తే ఒకే కథని రోజుల తరబడి చెప్పి 12 వేల పంక్తులు దాటించాడు. ఆయనకి చదవడం, రాయడం రాదు.

కాబట్టి తాతగారి చుట్టూ మళ్లీ జనాన్ని కూర్చోబెట్టండి. పాత వంతల్లో ఎవరైనా ఉంటే బండి పంపి తీసుకురండి. వాళ్లు లేకపోతే ఆ కథ చిన్నప్పుడు విన్న ఆడవాళ్లని, మగవాళ్లని ఓ పదిమందిని కోవెల అరుగు మీదికి పిలవండి, రాత్రి భోజనాలయ్యాక. ఫోన్ ఆయనకి కనపడకుండా ఒక స్టాండు మీద పెట్టండి, చార్జర్ తగిలించి. జనం నవ్వులు, మధ్యలో వేసే మాటలు, పిల్లల ఏడుపులు పడితే పడనివ్వండి, అవి కథలో భాగమే. ఒక రాత్రితో ఆపేయకండి. రెండోసారి చెప్పింది మొదటిసారి చెప్పినదానిలా ఉండదు, రెండూ దాచుకోవాల్సినవే. మర్నాడు తీరిగ్గా కూర్చుని ఏ ఊళ్లో ఏ ఘట్టం పెంచేవారు, ఏది తగ్గించేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడిగి రాసిపెట్టుకోండి. యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ముందు ఆయన్ని అడగండి. వంతలకి డబ్బులివ్వండి, తప్పకుండా.

అచ్చయిన కథకి మన శ్రీకాకుళంలో ఒక ఇల్లుంది. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, తనకి పురస్కారాలుగా వచ్చిన సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. ఎక్కడెక్కడి పాత పత్రికల్లో పడి ఉన్న తెలుగు కథల్ని వెతికి వెతికి తెచ్చారు, ఉత్తరాలు రాశారు, ఊళ్లు తిరిగారు. 2021 జూన్‌లో 96 ఏళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు, ఆ కథలు ఇప్పటికీ ఎవరడిగినా దొరుకుతున్నాయి. పుస్తకంలోకి ఎక్కని కథకి అలాంటి మనిషి ఎవరన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. మీ ఇంటి వరకు అది మీరే. ఎండలు ముదరకముందే పని మొదలుపెట్టండి, తాతగారి వయసు చూసుకోవాలి కదా.

మాది ఉద్దానం. నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. కూర్చున్నప్పుడల్లా తిత్లీ తుఫాను రాత్రి గురించే చెబుతారు, కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో, జీడితోట ఎలా పోయిందో. అక్షరం పొల్లుపోకుండా అదే కథ. అమ్మ లేచి వెళ్లిపోతుంది. నాకు జాలి, విసుగు రెండూ. ఎలా మాన్పించాలి?
ఒక కూతురు, సోంపేట

మాన్పించకండి తల్లీ.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 కిలోమీటర్లు దాటింది. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, తండ్రులు నాటిన చెట్ల మీద కొడుకులు బ్రతికే ప్రాంతం మీది. ఆ చెట్లు కొన్ని గంటల్లో పోయాయి. అలాంటిది జరిగిన మనిషి దాన్ని ఒక్కసారి చెప్పి ఊరుకోలేడు. చెప్పిన ప్రతిసారీ ఏది ముందు ఏది వెనక అని సర్దుకుంటూ ఉంటాడు, ఎక్కడైనా తను చేయగలిగింది ఏమైనా మిగిలిపోయిందా అని వెతుక్కుంటూ ఉంటాడు. పైగా ఆయన వంట్లో జరుగుతున్నదాన్ని మాటల్లో పెట్టడం కష్టం. తుఫానుకి ఒక మొదలుంది, ఒక చివర ఉంది, దాంట్లోంచి ఆయన బతికి బయటపడ్డారు. బహుశా అందుకే ఆ కథ పట్టుకున్నారేమో.

అక్షరం పొల్లుపోకుండా అదే అన్నారు కదా, అది మీరు కొత్తగా ఏమీ అడగకపోవడం వల్ల కూడా కావచ్చు. కథ ఒకే దారిలో అరిగిపోతే పక్కదారి చూపించాల్సింది వినేవాళ్లే. ఈసారి మొదలుపెట్టగానే ఒక చిన్న ప్రశ్న వేయండి. పడిపోయిన చెట్లలో మీరు చిన్నప్పుడు నాటింది ఏది నాన్నా? ఆ రాత్రి ఇంట్లో ఏం వండారు? పొద్దున్నే తలుపు తీశాక ముందు ఎవరొచ్చి పలకరించారు? దీపాల్లేని ఆ రోజుల్లో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకున్నారు? వీటికి జవాబులు ఇంతవరకు చెప్పిన కథలో లేవు, ఆగి ఆలోచించుకుని చెప్పాలి. అలా ఆగినప్పుడు మధ్యలో మాట అందించకండి, ఎంతసేపైనా సరే.

అమ్మ లేచి వెళ్లిపోతుందన్నారు, ఆమెను తప్పు పట్టకండి. అదే రాత్రి ఆమెకి కూడా జరిగింది. ఆమె కథ ఆమె దగ్గర వేరే ఉండొచ్చు, అది ఇంతవరకు ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. వంటింట్లో పని చేసుకుంటూ ఉన్నప్పుడు, నాన్న లేనప్పుడు, ఒకసారి అడిగి చూడండి. ఇక నాన్న రాత్రుళ్లు నిద్రపోవడం లేదనో, తిండి తగ్గించేశారనో, బ్రతికి ఏం లాభం లాంటి మాటలు అంటున్నారనో అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డయాలసిస్ సెంటర్లో డాక్టర్‌గారికి చెప్పండి, అది కథతో తీరేది కాదు.

మాస్టారూ, నేను కథ అంతా మన యాసలోనే రాశాను. 'ఏటి రాసినావు, ఎవరికర్తమవుద్ది' అని ఇంట్లో నవ్వుతున్నారు. సినిమాల్లో మన మాటని కామెడీకే వాడతారు కదా, పత్రికలవాళ్లు తీసుకుంటారా?
ఒక గృహిణి, గజపతినగరం

రాయండమ్మా, ధైర్యంగా రాయండి. వాడుక మాటతో సాహిత్యం రాయొచ్చని తెలుగువాళ్లందరికీ చూపించింది మన జిల్లావాళ్లే, కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో విజయనగరంలోనే. మన మాటని నవ్వడానికి వాడుకున్నవాళ్లున్నారన్నది నిజం, నాకూ కోపం వస్తుంది. దానికి జవాబు ఆ మాట మాట్లాడే మనిషి దుఃఖాన్ని, తెలివిని, పట్టుదలని అదే మాటలో రాయడమే.

మీ కథ చదివాను. అత్తాకోడళ్ల మాటలు అద్భుతంగా ఉన్నాయి, ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. మధ్యలో మీరు చెప్పే భాగం మాత్రం ఒక పేజీలో యాస, ఇంకో పేజీలో పుస్తకాల తెలుగు, మళ్లీ యాస. అలా మారుతుంటే చదివేవాళ్లు తడబడతారు, చెబుతున్నది ఎవరో వాళ్లకి తెలియదు. కథ చెప్పేది ఆ కోడలే అయితే మొదటినుంచి చివరిదాకా ఆమె మాటలోనే చెప్పండి. చెప్పేది మీరైతే మామూలు తెలుగులో చెప్పి సంభాషణలు మాత్రం యాసలో ఉంచండి. రెండూ మంచి పద్ధతులే, ఒకటి ఎంచుకోవాలి. పలికిన ప్రతి శబ్దాన్నీ అక్షరాల్లో పెట్టాలని కూడా చూడకండి, ఒక వాక్యంలో రెండు మూడు చోట్ల యాస పడితే చాలు, మిగతాది చదివేవాళ్ల చెవి అందుకుంటుంది.

నవ్వినవాళ్లలో అత్తగారు కూడా ఉన్నారని రాశారు కదా. ఆవిడకే చదివి వినిపించండి. 'మనం ఇలా అనం' అని ఎక్కడ ఆపుతారో అక్కడ ఎలా అంటారో అడిగి, ఆ మాటే రాసుకోండి. అది సరిచేశాక కథ నాకు మళ్లీ పంపండి, కాగితానికి ఒకవైపే రాసి, కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకుని.